కోట వాకిట్లో రేగు కంప

ఒకానొక రాజ్యంలో వానలు తక్కువ, బిరుదులు ఎక్కువ. వానలు తక్కువ కావడానికి ఎవరినీ తప్పు పట్టలేం. బిరుదులు ఎక్కువ కావడానికి మాత్రం ఆ రాజ్యాన్ని ఏలే నరసభూపతి మహారాజే కారణం.

ఆయన భోజనానికి కూర్చుంటే వందిమాగధులు ముప్పై రెండు బిరుదులు చదవాలి. అవి పూర్తయ్యేసరికి అన్నం చల్లారి, నెయ్యి పేరుకుపోయేది. ఆ చల్లారిన అన్నంలో తొలి ముద్ద తినేది ఓబులేసు. వంటకాల్లో విషం కలిసిందేమో రుచి చూసి చెప్పడం అతని ఉద్యోగం. బక్కపలచటి మనిషి, నోరు మాత్రం గట్టిది. "ఇన్నేళ్లలో నన్ను చంపబోయింది విషం కాదు ప్రభూ, పేరుకున్న నెయ్యి" అని రాజుగారి ఎదుటే అనేవాడు. రాజుగారు నవ్వేవారు. ఆయన చెడ్డవారు కాదు లెండి. తన గొప్పను ఎవరూ చూడటం లేదేమోనని ఎప్పుడూ దిగులుపడే మనిషి, అంతే.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. శాసనం రాయిస్తే ఒక్క మాట చాలిన చోట పది మాటలు పడాలి. కోటలోకి కుక్కలను రానీయొద్దని చెప్పడానికి నల్లకుక్క, తెల్లకుక్క, మచ్చల కుక్క, కుంటికుక్క, తోక ఉన్న కుక్క, తోక తెగిన కుక్క అని వరుసగా రాయించారు. పాపం లేఖకుడు ఆ రోజంతా వేళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఒక ఏడాది కార్తికమాసం వచ్చేసరికి రాజుగారికి కడుపు బిగిసింది. ఆకలి లేదు, తిన్నది అరగదు, కన్ను మూతపడదు. ఆస్థాన వైద్యుడు పద్మనాభాచార్యులు ఏడు దేశాల నుంచి వేళ్లూ బెరళ్లూ తెప్పించి కషాయాలు కాచి పోశాడు. ఓబులేసు ముందు తాగి, మొహం వికారంగా పెట్టి, "విషం లేదు ప్రభూ, అయినా తాగకపోతేనే మంచిది" అనేవాడు. రెండు నెలలు ఇలాగే గడిచాయి.

ఒంటికి కాస్త గాలి తగులుతుందని ఒకరోజు రాజుగారు వేటకు వెళ్లారు. దుప్పి వెంట గుర్రాన్ని తోలి, పరివారానికి దూరమై, మిట్టమధ్యాహ్నం వేళ ఎర్రదిన్నె అనే ఊరి చివర తేలారు. అక్కడ ఒక గుడిసె, దాని చుట్టూ ముళ్ల కంచె. లోపల ఒక ముసలామె తాటాకు చాప మీద ఏవో ఎర్రటి బిళ్లలు తిరగేస్తోంది. ఆమె పేరు తిప్పమ్మ. దుమ్ము కొట్టుకుపోయిన ఆ మనిషి రాజని ఆమెకు తట్టలేదు.

"ఎవురు నాయనా? మొగం అట్లా వాడిపోయుండాదే! ఏమన్నా తిన్నావా?"

"మాకు ఆకలి వేయదు" అన్నారు రాజుగారు.

"ఆకలి లేకుండా మనిషి యాడన్నా ఉంటాడా? కూచో."

జొన్నరొట్టె ముక్క, దాని మీద నాలుగు బిళ్లలు పెట్టి చేతికిచ్చింది. రాజుగారు మర్యాదకు ఒకటి కొరికారు. ముందు పులుపు తగిలింది. వెనకే బెల్లం తీపి వచ్చింది, ఆ తీపి పోకముందే పచ్చిమిరప ఘాటు నాలుకను పట్టుకుంది. చివర్లో జీలకర్ర వాసన ముక్కులోకి ఎక్కింది. నలిగిన గింజ పలుకులు పళ్ల కింద కరకరమన్నాయి. రాజుగారు నాలుగూ తిని, చెయ్యి చాపి మరో నాలుగు తిని, మళ్లీ చెయ్యి చాపారు.

"చాలు. బాగుండాయని ఆత్రంగా తినగాకు, పళ్లు జివ్వుమంటాయి" అని తిప్పమ్మ బుట్ట పక్కకు జరిపింది.

"ఇవేమిటి అవ్వా?"

"అదేంది, రేగొడియాలు తెలవవా? మాగిన రేగ్గాయలు గింజతో సహా రోట్లో ఏసి దంచాల. బెల్లం, పచ్చిమిరప, ఉప్పు, జీలకర్ర ఎయ్యాల. బిళ్లలు తట్టి మంచి ఎండలో ఆరబెట్టాల. అంతే! ఇంత నీళ్లలో నానేసి నూరితే పచ్చడి అవుతాది. ఉత్త పండ్లు ఎండబెట్టి పొడి కొట్టుకుంటే, ఎండాకాలం బెల్లం నీళ్లలో కలుపుకుని తాగొచ్చు."

నన్నడిగితే, లోకంలో రేగొడియం తెలియని మనిషి మీద జాలిపడాలి. రాజుగారి మీద ఆ రోజు తిప్పమ్మ జాలిపడింది.

కోటకు తిరిగొచ్చిన రాజుగారు పడుకోగానే నిద్రపోయారు. మర్నాడు ముప్పై రెండు బిరుదుల్లో పదిహేను చదివేలోపే "చాలు, ఆకలేస్తోంది" అన్నారు. వందిమాగధులు నోళ్లు తెరిచారు. పద్మనాభాచార్యులు పరుగున వచ్చాడు. జరిగింది విని తల పంకించాడు.

"బదరీఫలం మహాప్రభూ! ఆకలి పుట్టిస్తుంది, తిన్నది అరిగిస్తుంది, వికారం పోగొడుతుంది, నిద్ర పట్టిస్తుంది, ఒంటికి సత్తువ ఇస్తుంది. గ్రంథాల్లో ఉన్నదే."

"ఉంటే రెండు నెలలుగా మాకెందుకు ఇవ్వలేదు?"

ఆచార్యులు గతుక్కుమన్నాడు. "అది మరి... దారిన పోయే పేదవాళ్లు కోసుకు తినే పండు మహాప్రభూ. తమ స్థాయికి తగదని..."

రాజుగారు మీసం మెలేసి, "అయితే పేదవాళ్లు తినకుండా చేస్తే సరి" అన్నారు.

ఆ పూటే శాసనం తయారైంది. రాజుగారు పీట మీద కూర్చుని స్వయంగా చెప్పి రాయించారు. "ఈ రాజ్యమందలి రేగు చెట్టు, రేగు పొద, కొమ్మ, రెమ్మ, ఆకు, పూత, పిందె, కాయ, పండు, గింజ, ముల్లు, కంప, పచ్చిదైనను ఎండినదైనను, ఎవ్వరి యొద్దనున్నను సర్వమును మహారాజుగారి సొత్తు. ఉన్నవారు తెచ్చి కోట వాకిట అప్పగించవలెను. ఆ సొత్తును తినినను, విరిచినను, నరికినను పది కొరడా దెబ్బలు." దాని కింద సింహం ముద్ర పడింది. ఊరూరా దండోరా మోగింది.

నాలుగో రోజుకు తిప్పమ్మ కోటకు వచ్చింది. ఎర్రదిన్నె నుంచి అంత దూరం నడిచి, వంటశాల వెనక ఉండే ఓబులేసు గది ముందు చతికిలబడింది. ఓబులేసు ఆమెకు అన్న కొడుకు. అతను చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

"ఒరే ఓబులేసా, రాజభటులొచ్చి కాయలు ఎత్తకపోయినారు. చాప మీద ఆరతాండే ఒడియాలు చాపతో సహా చుట్టకపోయినారు. మా ఈదిలో నలభై ఇండ్లు. ఈ ఏడు వానల్లేక జొన్న వెన్ను ఎయ్యలేదని నీకూ తెలుసు. రేగుకు వాన అక్కర్లేదు గాబట్టి అదీ, కొంచెం కందీ మాకు మిగిలినాయి. ఏటి కింది ఊర్లకు ఒడియాలు మోసకపోయి గిన్నెకు గిన్నె జొన్నలు తెచ్చుకుంటాము. అవే మళ్లా వానలు పడేదాకా కూడు. ఇప్పుడు పిల్లోళ్లకు ఏం పెట్టాల?"

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది ఓబులేసుకు.

"దినామూ రాజు పక్కన నిలబడతావు గదా. ఒక మాట చెప్పరా."

"ఎవరైనా చెబితే వినే మనిషి కాదత్తా ఆయన. తాను చెప్పిందే తనకు వినబడాలి. దండోరావాడు ఏమన్నాడో అంతా చెప్పు."

తిప్పమ్మ వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పింది. "చెట్టన్నాడు, పొదన్నాడు, కొమ్మ, రెమ్మ, ఆకు, పూత, పిందె, కాయ, పండు, గింజ, ముల్లు, కంప..."

"ఆగు. కంప అన్నాడా?"

"అన్నాడు. పచ్చిదైనా ఎండిందైనా అన్నాడు."

"అత్తా, మన ఊళ్లో కంది చేలకు కంచె దేంతో వేస్తారు?"

"దేంతో ఏస్తారురా, రేగు కంపతోనే. మేకల దొడ్డికీ అదే, ఇంటి చుట్టూ అదే. నీకు తెలవదా?" అని అతని మొహంలోకి చూసి, తిప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరేలా నవ్వొచ్చింది ఆమెకు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"కంచెలు పీకితే అడివి పందులు కందిని బతకనిస్తాయా? ఇంక ఉండేది ఆ కందొక్కటే."

"మూడు రోజులు మగవాళ్లు చేలో కాపలా పడుకోవాలి. అంతకు మించితే నా పథకం తప్పినట్టే. అప్పుడు పందులకు అడ్డంగా నేనే వచ్చి పడుకుంటా."

"నీ బక్క ఒంటికి పందులు భయపడవు లేరా" అంది తిప్పమ్మ. అయినా లేచి, చెంబు బోర్లించి, ఊరి దారి పట్టింది.

ఈలోగా కోటలో జరుగుతున్న వేడుక కూడా చెప్పుకోవాలి. భటులు తెచ్చిన కాయలతో వంటశాల నిండిపోయింది. వడియాలు పెట్టే పని ఆచార్యులు తన చేతుల్లోకి తీసుకున్నాడు. వంటవాళ్లను వరుసగా నిలబెట్టి ఆజ్ఞలు జారీ చేశాడు. గింజ రాజుగారి పళ్లకు తగులుతుందని గింజలన్నీ తీయించాడు. పచ్చిమిరప వేడి చేస్తుందని మానిపించి, దాని బదులు కుంకుమపువ్వు వేయించాడు. కాకులు చూస్తే దిష్టి తగులుతుందని ఎండలో కాకుండా అంతఃపురం నీడలో, పట్టుబట్ట మీద బిళ్లలు తట్టించాడు.

నీడలో వడియం ఎండుతుందా? మూడో రోజుకు పట్టుబట్ట పాడైంది, వడియం బంకలా సాగింది. అదే వెండి పళ్లెంలో పెట్టి తెచ్చారు. ఓబులేసు ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.

"విషం ఉందా?" అని అడిగారు రాజుగారు.

"లేదు ప్రభూ."

"రుచి?"

"అదీ లేదు ప్రభూ."

రాజుగారు తానే తిని చూసి ఉమ్మేశారు. కడుపు మళ్లీ బిగియడం మొదలైంది. ఆచార్యులు కంగారుగా, "కాయ జాతి మంచిది కాదేమో" అని గొణిగాడు. కోపంతో రాజుగారి మీసాలు అదిరాయి.

సరిగ్గా అప్పుడే కోట వాకిట్లో బండి చక్రాల చప్పుడు వినిపించింది.

ఎర్రదిన్నె నుంచి నలభై బండ్లు వచ్చాయి. ఒక్కొక్క బండి మీద మనిషి ఎత్తు రేగు కంప. ముందు బండి మీద తిప్పమ్మ కూర్చుని ఉంది. ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఏమిటిది?"

"మీ రాజు సొత్తయ్యా. మా చేల చుట్టూ ఇన్నేండ్లుగా పెట్టుకోనుంటిమి, తెలవక. తప్పయిపోయింది. అప్పగిద్దామని తెచ్చినాము" అంది తిప్పమ్మ చేతులు జోడించి.

ద్వారపాలకుడు దళపతిని పిలిచాడు. దళపతి శాసనం తెప్పించి చదివాడు. "ముల్లు, కంప, పచ్చిదైనను ఎండినదైనను" అని ఉంది. "కోట వాకిట అప్పగించవలెను" అని కూడా ఉంది. కాదంటే ముద్ర వేసిన ఆజ్ఞ మీరినవాడవుతాడు. ఏం చేస్తాడు పాపం, దించుకోమన్నాడు.

మర్నాడు పక్క ఊళ్ల బండ్లు వచ్చాయి. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ వచ్చాయి. వాకిట్లో కంప గోడంత ఎత్తున లేచింది. పాలవాళ్లు లోపలికి రాలేకపోయారు. పూలవాళ్లు ముళ్లు గుచ్చుకుని బుట్టలు అక్కడే పారేసి పోయారు. పట్టపుటేనుగు ఒక కాలు ముందుకు వేసి, మూలిగి, వెనక్కి తిరిగి కదలనంది. మహారాణిగారు పెరుగు లేని అన్నం తిని, రాజుగారితో మాట్లాడటం మానేశారు.

అన్నిటికంటే చిక్కు ఇంకొకటి. ఆ రాజ్యంలో తరతరాలుగా ఒక ఆచారం ఉంది. ప్రజలు ఏది తెచ్చి అప్పగించినా రాజు దాన్ని స్వయంగా చేత్తో తాకాలి. రాజు చెయ్యి తగిలితేనే అది రాజుకు ముట్టినట్టు. అప్పటిదాకా తెచ్చినవాళ్లు వాకిలి విడిచి పోకూడదు. కాబట్టి అన్ని ఊళ్ల జనమూ అక్కడే పొయ్యిలు పెట్టుకుని, అంబలి కాచుకుని, పాటలు పాడుకుంటూ కూర్చున్నారు.

మూడో రోజు పొద్దున రాజుగారు కొలువు తీర్చారు. "ఎవరి అల్లరి ఇది?" అని గర్జించారు.

"అల్లరి ఎక్కడుంది ప్రభూ?" అన్నాడు ఓబులేసు. "ఇంత శ్రద్ధగా శాసనం పాటించిన ప్రజలు చుట్టుపక్కల ఏ రాజ్యంలోనైనా ఉన్నారా? ఒక్క ముల్లు కూడా దాచుకోలేదు."

దళపతి అందుకున్నాడు. "సెలవిస్తే అందరినీ తరిమేస్తాను మహారాజా."

"కానుక తెచ్చినవాళ్లను తరిమారని పొరుగు రాజులకు తెలిస్తే?" అన్నాడు ఓబులేసు మెల్లగా. "నరసభూపతికి తాతల నాటి ఆచారం కూడా తెలియదని చెప్పుకుంటారు. ఎందుకొచ్చిన మాట ప్రభూ? ఒక్కసారి వచ్చి చెయ్యి తాకిస్తే వాళ్ల దారిన వాళ్లు పోతారు."

పొరుగు రాజుల మాట ఎత్తగానే రాజుగారు లేచారు. ఆచారం అన్నాక దానికి తగ్గ వేషం ఉండాలి గదా! మోకాళ్ల దాకా వేలాడే జరీ అంగీ, జేనెడు వెడల్పు చేతులది, తొడుక్కున్నారు. మెడ చుట్టూ ఉత్తరీయం, తల మీద ముత్యాల కుచ్చులు వేలాడే కిరీటం పెట్టుకున్నారు. పల్లకీ పోయే దారి లేక వాకిట్లోకి నడిచే వచ్చారు. జనం లేచి నిలబడ్డారు. రాజుగారు గొప్పగా చెయ్యి చాపి కంపను తాకారు, చెయ్యి వెనక్కి తీశారు.

చెయ్యి రాలేదు.

రేగు ముల్లు సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్తా. దానికి ముళ్లు జంటగా ఉంటాయి, ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా వంగి. ముందుకు పోయేవాడిని నిటారుది గుచ్చి ఊరుకుంటుంది. వెనక్కి లాక్కునేవాడిని వంగినది పట్టుకుంటుంది. ఎంత లాగితే అంత పట్టు.

రాజుగారు లాగారు. కుడిచేతి జరీ చిక్కుకుంది. విడిపించబోయి ఎడమ చెయ్యి పెడితే అదీ చిక్కుకుంది. కాలు వెనక్కి వేస్తే ఉత్తరీయం బిగిసింది. తల తిప్పితే కిరీటం కుచ్చులు కొమ్మకు పడ్డాయి. చేతులు రెండూ చాచి, మెడ పక్కకు వంచి, చండప్రతాప నరసభూపతి కంపకు వేలాడుతూ నిలబడ్డారు. అన్ని ఊళ్ల జనమూ చూస్తున్నారు.

"నరకండి! ఈ కొమ్మ నరకండి!" అని అరిచారు రాజుగారు.

దళపతి కత్తి దూసి ఉరికాడు. ఓబులేసు అడ్డం నిలబడ్డాడు.

"ఆగండి దళపతిగారూ, వీపు మీద ఆశ లేదా? రాజుగారి సొత్తు నరికితే పది కొరడా దెబ్బలు."

దళపతి కత్తి గాల్లోనే ఆగిపోయింది.

"మూర్ఖుడా! నేనే కదా నరకమంటున్నాను!" అన్నారు రాజుగారు.

"నిజమే ప్రభూ. కానీ నరకొద్దన్నదీ తమరే. ముద్ర వేసి ఇచ్చిన ఆజ్ఞ పాటించాలా, ముల్లు గుచ్చుకుంటే ఇచ్చిన ఆజ్ఞ పాటించాలా? తమరు తేల్చి చెప్పకపోతే ఈ పేదవాడు ఏ పక్కకు తప్పుకోవాలి?"

రాజుగారికి ముక్కు మీద దురద పుట్టింది. గోక్కోవడానికి చెయ్యి లేదు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

"సరే! ఆ శాసనం రద్దు!"

"ఏ మేరకు ప్రభూ? ముల్లూ కంపా మాత్రమేనా?" అన్నాడు ఓబులేసు. అందరికీ వినబడేలా గొంతు పెంచాడు. "అలాగైతే ముల్లు వీళ్లది, పండు తమది అవుతుంది. రేపు తమ భటుడు తమ పండు కోయాలంటే, ముందు వీళ్ల ముల్లును బతిమాలుకోవాలి. ఆ ముల్లు ఎంత మాట వింటుందో తమరు చూస్తూనే ఉన్నారు."

"చెట్టూ వద్దు, పండూ వద్దు, ముల్లూ వద్దు! రేగులో నాకు ఏమీ లేదు! అంతా వీళ్లదే! ఇక నరకండి!"

దళపతి మళ్లీ కత్తి ఎత్తాడు. ఈసారి తిప్పమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"నరకొద్దు! ఇంక అది మాది. నువ్వు తునకలు చేస్తే మళ్లా కంచెకు పనికిరాదు. మాపటికి నా కంది చేను చుట్టూ పడాల ఇది."

ఓబులేసు కూడా ఆ మాట అనుకోలేదు. నోరు తెరిచి అత్తను చూశాడు.

తిప్పమ్మ రాజుగారి దగ్గరికి వెళ్లింది. "దొరా, ఎనక్కి లాగగాకు. లాగితే ఇడవదు. తల వంచి ముందుకు రా."

"ముందుకా? ముళ్లలోకా?"

"ఆ, ముళ్లలోకే. కొక్కి వదలాలంటే అదొక్కటే దారి. తల వంచు."

రాజుగారు పుట్టిన తర్వాత ఎవరి ముందూ తల వంచలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుని, కిరీటం కంపకు ఆనేలా వంచి, ఒక అడుగు ముందుకు వేశారు. తిప్పమ్మ మొరటు వేళ్లతో ఒక్కొక్క ముల్లూ జరీ నుంచి తప్పించింది. చివరి కొక్కి వదిలాక ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది, గీసుకుపోయిందేమో చూద్దామని. చూసి బిత్తరపోయింది.

"ఓయమ్మా! నువ్వా? ఆకలి లేదని నా గుడిసెకాడ కూలబడితివే, ఆ అబ్బోడివి గదా నువ్వు?"

రాజుగారు అవునన్నట్టు కళ్లు దించారు.

"నాలుగు ఒడియాలు పెట్టినందుకు చెట్లన్నీ నీయంటివా నాయనా?"

రాజుగారి మొహం ఎర్రబడింది. కోపమనుకుని దళపతి రెండడుగులు వెనక్కి వేశాడు. కోపం కాదది, సిగ్గు. ఆయనకు ఆ సిగ్గు కొత్త. ముసలామె తన ముందు పెట్టిన రొట్టె ముక్క గుర్తొచ్చి ఆయన కళ్లు చెమర్చాయి. చిరిగి వేలాడుతున్న జరీ చేతులు చూసుకున్నారు. కంపకు అంటుకుపోయిన ముత్యాల కుచ్చును చూశారు. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వాక జనం ఆగుతారా? అంతఃపురం కిటికీలో మహారాణిగారు కూడా నవ్వారట.

"ఓబులేసూ, ఇది నీ పనేనా?" అని అడిగారు రాజుగారు కళ్లు తుడుచుకుంటూ.

"శాసనం తమది ప్రభూ, కంప వీళ్లది, ముల్లు దేవుడిది. మధ్యలో నేను చేసిందేముంది, తమరిని నడిపించుకొచ్చాను, అంతే."

రాజుగారు చేతి బంగారు కంకణం తీసి ఓబులేసుకు తొడిగారు. అది అతని సన్నటి చేతికి మోచెయ్యి దాకా జారిపోయింది. భటులు ఎత్తుకొచ్చిన కాయలూ వడియాలూ చాపలూ తిరిగి ఇచ్చెయ్యమన్నారు. బండ్లకు కంప ఎక్కించే పని దళపతికీ సైనికులకూ అప్పగించారు. పద్మనాభాచార్యుల్ని పిలిచి, "ఎర్రదిన్నె పోయి వడియం పెట్టడం నేర్చుకురండి. రోట్లో తమరే దంచాలి" అన్నారు. సాయంత్రానికి బండ్లన్నీ ఊళ్లు చేరాయి. అడవి పందులు ఒక మూల కొంత కంది మేసేశాయి గానీ, మిగతా చేను నిలిచింది.

ఆ మాఘమాసంలో ఎర్రదిన్నె వీధంతా వడియాల చాపలే. ఈసారి ఏటి కింది ఊళ్ల వాళ్లే జొన్నలు తెచ్చుకుని తిప్పమ్మ గుడిసె ముందు కూర్చున్నారు. ఒక మధ్యాహ్నం రాజుగారు గుర్రం దిగి వచ్చారు. వెనక పరివారం లేదు. భుజాన జొన్నల మూట ఉంది.

"అవ్వా, గిన్నెకు గిన్నేనా? రాజునని కొంచెం కొసరేమైనా..." అన్నారు, గుంభనంగా నవ్వుతూ.

"రాజైనా అంతే, కూలోడైనా అంతే. మూట ఇప్పు."

రాజుగారు పకపకా నవ్వుతూ ముడి విప్పారు. తిప్పమ్మ జొన్నల్లోకి చెయ్యి పోనిచ్చి, అడుగు నుంచి పైకి కలిపి, రాయీ రప్పా లేదని చూసుకుని, అప్పుడు వడియాలు కొలిచింది.